మణికట్టు

మా ఊరి చర్చిలో ప్రభువు బల్ల పొడుగైనది.
తెల్లటి గుడ్డ, నలభై కుర్చీలు.
కూర్చునేది పదకొండు మంది.
మిగతా ఊరంతా బెంచీల మీద
పిప్పరమెంటు చప్పరిస్తూ
తమకు పిలుపు వచ్చిందో లేదో తెలియక
చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తుంటుంది.

లోకం పుట్టకముందే పేర్లు రాసి పెట్టి ఉన్నాయంటారు పాస్టరుగారు.
మంచితనం చూసి రాసినవి కావు,
రేపు నమ్ముతారని ముందే తెలిసి రాసినవీ కావు.
ఊరికే. ఆయన ఇష్టం.
కాలువ అవతలి చర్చిలో ఇంకోలా చెబుతారు,
కృప వాకిటి దాకా వస్తుంది గానీ
గడియ లోపలివైపే ఉంటుందని.
ఆ ఒక్క మాట దగ్గర
మా మేనత్త పెళ్ళి తప్పిపోయింది.

నాకు మాత్రం ఈ తగువు
ప్రసంగాల్లోంచి రాలేదు. నీళ్ళలోంచి వచ్చింది.

జేలాండ్‌లో కట్టలు తెగిన ఫిబ్రవరి రాత్రి
నాకు తొమ్మిదేళ్ళు.
పెంకుల మీద, పొగగొట్టాన్ని వాటేసుకుని
నేనూ, మా తమ్ముడు లేండర్టూ.
కింద ఆవులు ఈదుకుంటూ వెళ్ళాయి,
కాసేపటికి ఈదకుండా వెళ్ళాయి.
తెల్లవారుజామున బీట్ దుంపలు మోసే పడవలో
క్రైన్ వచ్చాడు, ఒంటి తెడ్డుతో.
ఎదుటి కప్పు మీద కూమన్ వాళ్ళు ఐదుగురు,
మా కప్పు మీద ఇద్దరం.
పడవ మావైపు తిరిగింది.

"గొట్టం వదిలెయ్" అని అరిచాడు.
నేను వదిలాను.
తమ్ముడు వదల్లేదు. వాడికి ఆరేళ్ళు.
వాడి వేళ్ళు అప్పటికే ఇటుకల్లో కలిసిపోయాయి.
అల పడవను లాక్కుపోయింది.
మళ్ళీ వచ్చేసరికి మా కప్పు లేదు.
ఎదుటి కప్పూ లేదు.

అంతకుముందు బల్ల దగ్గర కూర్చునేది
పన్నెండు మంది.
క్రైన్ ఇక ఎప్పుడూ వెళ్ళలేదు.
ఆ పడవను కోసి కోళ్ళగూడు చేశాడు.
సంఘపెద్దలు రెండుసార్లు ఇంటికి వచ్చి
కాఫీ తాగి వెళ్ళారు.

ఇప్పుడాయనకు తొంభై ఒకటి.
గురువారం గురువారం వృద్ధాశ్రమానికి
పిప్పరమెంట్లు పట్టుకెళ్తాను.
వాతావరణం మాట్లాడుకుంటాం, బంగాళదుంపల ధర మాట్లాడుకుంటాం.
మొన్న ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుని అడిగాడు:
"యాకోమినా, ఆ రోజు నువ్వు దూకావా?
నేను లాగానా?"

నా దగ్గర జవాబుంది. అరవై ఏళ్ళుగా ఉంది.
మణికట్టు మీద నాలుగు గోళ్ళ గాట్లు
చలికాలంలో ఇప్పటికీ తెల్లబడతాయి.
ఆయనే లాగాడు. లాగాడనే అనుకోవాలి నేను.
దూకడం నా చేతిలో పనే అయితే
లేండర్ట్ దూకనివాడవుతాడు.
పాలపళ్ళు ఊడని పిల్లాడి మీద
అంత నేరం మోపలేను.

ఆయనకు రెండోది కావాలి.
లాగిన చెయ్యి తనదే అయితే
ఆ చెయ్యి లాగనివాళ్ళు ఆరుగురు.
రాత్రి మందులు ఇచ్చి నర్సు వెళ్ళాక
మంచం చుట్టూ తడిబట్టలతో నిలబడే ఆరుగురు.
"తెడ్డు నేను తిప్పానో, గాలి తిప్పిందో" అన్నాడు,
"దేవుడికైనా గుర్తుందో లేదో."

ఒకే పడవలోంచి దిగినవాళ్ళం.
ఆయన్ని కాపాడే దేవుడు నా తమ్ముణ్ణి తప్పుపడతాడు.
నా తమ్ముణ్ణి కాపాడే దేవుడు
ఆయన్ని నిద్రపోనివ్వడు.

కిటికీలోంచి కట్ట కనిపిస్తోంది.
దాని మీద గొర్రెలు, గడ్డి, మామూలు మధ్యాహ్నం.
అటువైపు సముద్రం
మా మంచాలకంటే ఎత్తులో ఉంటుంది, ఎప్పుడూ.

"దూకాను" అన్నాను.
ఒరేయ్ లేండర్ట్, ఈ ఒక్క పూటకి ఓర్చుకో.

ఆయన తల దిండులోకి ఒరిగింది.
నోట్లో పిప్పరమెంటు కరగకముందే
నిద్రపట్టేసింది.
నా మణికట్టు పట్టుకున్న చెయ్యి మాత్రం
నా మాట నమ్మినట్టు లేదు.
వదల్లేదు.